మూలుగలో కాపురం

పూణె,
6 ఆగస్టు 2024

పిన్నికి సలాములు.

బాబాయ్ మోకాలు ఎలా ఉంది? పరుపు కుట్టేటప్పుడు ఆ కాలు మడిచి కూర్చోవద్దని చెప్పి వచ్చాను. వినడని తెలిసే చెప్పాను.

నీకు ఫోన్లో మెసేజ్ పెడితే "సరే" అని ఒక్క ముక్క వస్తుంది. ఉత్తరం రాస్తే నాలుగు పేజీలు వస్తాయి. పేటలో పత్తి జిన్నింగ్ మిల్లు మోత నీ చెవుల్ని తీసుకుంది గానీ చేతిరాత జోలికి పోలేదు. అందుకే కవరు కొని కూర్చున్నాను.

ఈసారి పని ఉండి రాస్తున్నాను. మీ ల్యాబ్‌లో ఏం చేస్తావే అని అడిగినప్పుడల్లా "దోమల జబ్బులు" అని తప్పించుకున్నాను. ఇప్పుడు సరిగ్గా చెప్తాను. మన ఊరి బళ్ళో మెదడువాపు టీకా వేసిన రోజు గుర్తుందా? అప్పుడు నేను మీ ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాను. నాతో చదివే బుడే సూది చూసి గోడ దూకి పారిపోతే, వాళ్ళ నాన్న పొగాకు కాల్చే బేరన్ వెనక నుంచి పట్టుకొచ్చాడు. ఆ ఒక్క సూది ఇన్నేళ్ళ తర్వాత కూడా మమ్మల్ని కాపాడుతోందా? కాపాడుతుంటే ఎలా? అదే నా పని.

టీకాలో ఉండేది బలం తీసేసిన వైరస్. ఒళ్ళు దానితో తలపడి గెలుస్తుంది. గెలిచిన కణాల్లో చాలావరకు పని అయ్యాక చచ్చిపోతాయి. కొన్ని మాత్రం ఎముకల లోపలికి వెళ్ళి మూలుగలో కాపురం పెడతాయి. అక్కడే ఉండి, ఆ ఒక్క జబ్బుకే విరుగుడు తయారుచేస్తూ బతుకుతాయి. ఇంకొన్ని రక్తంలో తిరుగుతూ, మళ్ళీ ఆ జబ్బు ఎదురైతే గుర్తుపట్టి లేస్తాయి. కొన్ని టీకాలకు ఈ కాపురం నాలుగేళ్ళకే చెదిరిపోతుంది. కొన్నింటికి మనిషి ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. ఎందుకలా అన్నది ఇంకా పూర్తిగా అంతు చిక్కలేదు. అది తెలిస్తే డెంగీ లాంటి వాటికి గట్టి టీకా చెయ్యడం సులువవుతుంది.

ఈ నెలలో మావాళ్ళు మన ఊరు వచ్చి రక్తం తీసుకుంటారు. అక్టోబరులో మళ్ళీ ఒకసారి వస్తారు. టీకా వేసుకున్నవాళ్ళదే కాదు, అప్పటికే పెద్దవాళ్ళై వేసుకోనివాళ్ళదీ కావాలి, పోల్చి చూడటానికి. నువ్వు చెప్తే ఊళ్ళో వింటారు. నువ్వూ ఇస్తే ఇంకా మంచిది.

టీకా వచ్చేదాకా ఉండి ఉంటే పీరు కూడా ఆ బడి వరండాలో నా పక్కనే నిలబడేవాడు. నీ ఒక్క కొడుకును తీసుకుపోయిన జబ్బు కోసం నిన్నే సాయం అడుగుతున్నాను. మనసొప్పకపోతే వద్దని రాయి. నేనేమీ అనుకోను.

నీ
సిద్దికా


రేగడిపాలెం,
27 ఆగస్టు

చిరంజీవి సిద్దీకి నీ పిన్ని దీవెనలు. మేమిద్దరం తిని తిరుగుతున్నాం. మీ బాబాయ్ కాలు మడిచే కూర్చుంటున్నాడు.

మీవాళ్ళు వచ్చి వెళ్ళారు. ముందు రోజు ఊరంతా ఒకటే మాట: "రక్తం పట్టుకుపోయి ఎవురు ఎప్పుడు పోతారో చూస్తారంట." నేను ఇంటింటికీ తిరిగాను. నాకు వినపడదు కాబట్టి ఎవరు ఎంత వాదించినా లాభం లేదు. నా మాట చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. మీ బుడేకి ఇప్పుడు ఎరువుల కొట్టుంది, పెద్ద మీసం ఉంది, వ్యానుంది. సూది చూడగానే మొహం గోడకు తిప్పుకున్నాడు.

నేనూ ఇచ్చాను. ఎందుకు ఇవ్వను? ఆ జబ్బు అంతు చూస్తానన్న పిల్ల నాకు ఒక్కతే ఉంది.

ఊళ్ళో మార్పులు రాస్తాను. మిరపకు నల్లతామర పురుగు పట్టి అందరూ విసిగిపోయారు గదా, కాలువ కింద సగం పొలం వరి పెట్టారు. ఎప్పుడూ ఎండి పగిలే రేగడిలో ఇప్పుడు నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళకు కొంగలు వచ్చాయి. పదీ పాతికా కాదే! కాలువ గట్టు మీది తుమ్మ చెట్లకు పొద్దుగూకేసరికి ఆకు కనపడదు. పగిలిన పత్తికాయల్లా తెల్లగా కదులుతూ ఉంటాయి. కింద బురదలో పందులు. మా చిన్నప్పుడు కొంగలు వస్తే సంతోషపడేవాళ్ళం. ఇవి ఎందుకో నాకు నచ్చలేదు. అన్ని పిట్టలు ఒకచోట రెక్కలు కొట్టుకుంటుంటే నాకు ఏమీ వినపడకపోవడం వల్లనేమో.

ఇంకొకటి. రాయనా వద్దా అనుకున్నాను. సూది గుచ్చిన సాయంత్రం నుంచి నాకు వినపడుతోంది. బయటిది కాదు. మీ బాబాయ్ గిన్నె కింద పడేసినా తెలియదు. ఇది లోపల నుంచి. ముందు సన్నగా దోమ మోత లాగా ఉండేది. తర్వాత తర్వాత అందులో ఒక పిలుపు ఉన్నట్టు తెలిసింది. తలలో కాదే, కాలి ఎముకల్లో. "అమ్మా" అని.

గుర్తు పెట్టుకునేవి మూలుగలో కాపురం ఉంటాయని రాశావు. మరి గుర్తుండిపోయినవాళ్ళు ఎక్కడుంటారు?

పిచ్చిదాన్నయ్యానని మీ అమ్మకు చెప్పకు.

పిన్ని


పూణె,
14 సెప్టెంబరు

పిన్నీ,

నువ్వు పిచ్చిదానివి కాదు. చెవులు పోయినవాళ్ళకు ఇలా లోపల మోత రావడం చాలామందిలో ఉంది. మిల్లు చప్పుడులో ఏళ్ళ తరబడి పనిచేశావు. బయటి శబ్దం అందకపోతే మెదడు తానే ఒకటి కల్పించుకుంటుంది. నేను పీరు మాట ఎత్తి ఉత్తరం రాశాను, నీ మనసు ఆ మోతకు వాడి గొంతు పెట్టింది. గుంటూరులో చెవుల డాక్టరుకు ఒకసారి చూపించుకో. బాబాయ్‌ని తీసుకెళ్ళమని చెప్తాను.

మూలుగలో ఉండేవి కణాలు పిన్నీ, మనుషులు కాదు. "కాపురం" అని రాయడం నాదే పొరపాటు.

ఇప్పుడొక ఇబ్బంది వచ్చింది. కోప్పడకుండా చదువు. నీ పేరున్న గొట్టంలోని రక్తంలో రెండు విషయాలు పొసగడం లేదు. నీకు టీకా వెయ్యలేదు, మెదడువాపు రాలేదు. కానీ ఆ వైరస్‌ను చూపిస్తే నీ కణాలు అందరికంటే గట్టిగా లేచాయి. రెండోది, అందులో కొన్ని మగవాళ్ళ కణాలు కనపడ్డాయి. చాలా కొద్దిగానే గానీ ఉన్నాయి. ఆడమనిషి రక్తంలో అవి ఉండకూడదు. మా ప్రొఫెసరమ్మ ఏమంటుందంటే, టీకా వేసుకున్న మగవాడి రక్తం నీ గొట్టంలో కలిసి ఉంటుందని. ఆ రోజు నీ ముందో వెనకో కూర్చున్నది బుడేనా? ఒకే సూది వాడటం గానీ, గొట్టాలు తారుమారు కావడం గానీ నీ కంట పడిందా? దాచకుండా రాయి. ఎవరినీ ఉద్యోగంలోంచి తీసెయ్యరు.

నీ
సిద్దికా


రేగడిపాలెం,
29 సెప్టెంబరు

సిద్దీకి,

ఎవరి గొట్టమూ తారుమారు కాలేదు. ఆ పిల్ల నా ఎదురుగా కొత్త సూది చింపి తీసింది, నా పేరు రాసి నాకే చూపించింది. నాకు చెవులు లేవు గానీ కళ్ళున్నాయి. నా రక్తం నాదే.

మీ బాబాయ్ నీ ఉత్తరం చదివి నవ్వాడు. "ఏందే ఖాదర్‌బీ, నీ ఒంట్లో మగమనిషి ఉన్నాడంట" అని పెదాలు పెద్దవి చేసి మరీ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట తెలిసినప్పటి నుంచి నా కాళ్ళను నేనే కొత్తగా చూసుకుంటున్నాను.

చెవుల డాక్టరు దగ్గరికి పోను. మోత నాకు తెలుసు. మిల్లు మానేశాక రెండేళ్ళు మోతతోనే ఉన్నాను. అది యంత్రం లాగా ఉండేది, ఇది ఊపిరి తీసుకుంటుంది. పొద్దుగూకి కొంగలు చెట్టెక్కే వేళకు గట్టిపడుతుంది. మొన్న "దాహం" అంది. చివరి రోజు వాడు అడిగింది అదే. నీళ్ళు పోస్తే గొంతు దిగలేదు. ఆ సంగతి నీకు తెలియదు, నిన్ను అప్పుడు గుంటూరు పంపించేశాం. నీ ఉత్తరంలో లేని మాటను నా మనసు నీ ఉత్తరంలోంచి ఎలా తెచ్చుకుంది?

సరే, వదిలెయ్. పత్తి తీతకు జనం దిగారు. యర్రగొండపాలెం వైపు వాళ్ళు. కాలువ గట్టు కింద, ఆ తుమ్మ చెట్ల దగ్గరే పట్టాలతో గుడారాలు కట్టుకున్నారు. వాళ్ళలో ఒక చిన్నపిల్ల ఉంది, తేజశ్రీ. ఇంకా బళ్ళో వెయ్యలేదు. వాళ్ళమ్మ పత్తిలో ఉన్నంతసేపూ మా వసారాలో దూది గుట్ట మీద దొర్లుతుంది. నాకు వినపడదంటే ఆ పిల్ల నమ్మదు. చెవిలో నోరు పెట్టి అరుస్తుంది. ఆ వెచ్చటి గాలి తగిలితే అరిచిందని తెలుసుకుని "ఆఁ, వినపడింది" అంటాను. ఎంత సంబరమో దానికి.

అనుమానం తీరకపోతే రెండోసారి వచ్చినప్పుడు నువ్వే వచ్చి తీసుకో నా రక్తం.

పిన్ని


పూణె,
30 అక్టోబరు

పిన్నీ,

నీ మీద అనుమానం కాదు. నేనే వద్దామనుకున్నాను, ఇక్కడ ల్యాబ్ వదలడం కుదరలేదు. మావాళ్ళు వచ్చి నీ రక్తం విడిగా, అందరికంటే ముందు తీశారని చెప్పారు. దాని సంగతి తర్వాత రాస్తాను. ఇప్పుడు అంతకంటే ముఖ్యమైనది ఉంది, జాగ్రత్తగా చదువు.

ఆగస్టులో తీసిన రక్తాన్నీ, ఇప్పుడు తీసిన రక్తాన్నీ పక్కపక్కన పెట్టి చూశాం. టీకా వేసి ఇన్నేళ్ళయింది. ఆ జబ్బు విరుగుడు ఉన్నంతే ఉండాలి, లేదా కొంచెం తగ్గాలి. మన ఊళ్ళో చాలామందికి అది బాగా పెరిగింది. బుడేకి, మస్జిదు వీధి పిల్లలకు, నీకు కూడా. అలా ఊరికే పెరగదు. జబ్బు మళ్ళీ వచ్చి తగిలితేనే పెరుగుతుంది.

అంటే ఈ రెండు నెలల్లో అది ఊరంతా తిరిగింది పిన్నీ. ఎవరికీ జలుబు కూడా చెయ్యలేదు. ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. మీరు అన్నం తింటున్నప్పుడు, ఆరుబయట మంచాల మీద మాట్లాడుకుంటున్నప్పుడు, అది ఒక్కొక్కరి ఒంట్లోకీ వచ్చి, గుర్తుపట్టబడి, చచ్చిపోయింది. మీకు తెలియకుండా మీ ఒళ్ళు గెలిచింది. నువ్వు రాసిన కొంగలు, పందులు, నిలిచిన నీళ్ళు — ఈ వైరస్ బతికేది వాటిలోనే. అక్కడి నుంచి దోమ మనుషులకు తెస్తుంది.

టీకా లేనివాళ్ళ సంగతి నా భయం. కూలికి వచ్చినవాళ్ళ పిల్లలు ఊరూరా తిరుగుతూ టీకాలు తప్పిపోయి ఉంటారు. తేజశ్రీకి వేశారేమో అడుగు. జిల్లా ఆరోగ్యశాఖకు మా ప్రొఫెసరమ్మ చెప్పింది, త్వరలో పిల్లలకు టీకాలు వేస్తారు. అది పనిచెయ్యడానికీ కొంత వ్యవధి కావాలి. ఈలోగా పిల్లల్ని కాలువ గట్టు నుంచి దూరంగా, దోమతెరల్లో పడుకోబెట్టమను. ఏ పిల్లకైనా జ్వరంతో వాంతులైనా, మెడ బిగుసుకున్నా, మనిషిని గుర్తుపట్టకపోయినా ఒక్క పూట ఆగవద్దు. బాబాయ్‌కీ ఫోన్ చేశాను, టవర్ సరిగా లేక సగమే వినపడిందన్నాడు. ఈ ఉత్తరం చూపించి అందరికీ చెప్పమను.

నీ
సిద్దికా


గుంటూరు, ఆసుపత్రి వరండా నుంచి,
15 నవంబరు

సిద్దీ,

పెన్ను అడుక్కుని రాస్తున్నాను. తేజశ్రీ లోపల ఉంది. మిషను మీద ఉంది.

నువ్వు చెప్పినట్టే మీ బాబాయ్ నీ ఉత్తరం టీకొట్టు దగ్గర చదివి వినిపించాడు. పొద్దున చదివింది మధ్యాహ్నానికి ఇంకోటయింది. "టీకా ఏసుకున్నోళ్ళ రక్తంలో జబ్బు పెరిగిందంట." సాయంత్రానికి "మస్జిదు వీధోళ్ళకు అంటుకుందంట, పత్తి కూలోళ్ళు తెచ్చారంట." బుడే కొట్టుకు ఎవరూ పోలేదు. మీ బాబాయ్ కుట్టిచ్చిన పరుపు ఒకటి వెనక్కి తెచ్చి వాకిట్లో పడేసిపోయారు. ఒక రైతు గట్టు కిందికి పోయి, "జరం ఉన్న పిల్లలుంటే ఇప్పుడే ఎల్లిపోండి, పని లేదు" అని అరిచాడంట. ఇక జ్వరం ఉన్నా ఎవరు చెప్తారు?

మీ బాబాయ్ గొంతు పోయేలా అరిచాడు, "అది కాదురా, గెలిచారని రాసింది, గెలిచారని!" అని. ఎవరు వింటారు.

తేజశ్రీ మా వసారాకు రావడం మానేసింది. వాళ్ళమ్మను అడిగితే "ఊరికి పంపించా పెద్దమ్మా" అని సైగ చేసింది. నేను నమ్మాను.

మొన్న మధ్యాహ్నం మిరపకాయ ఏరుతూ కూర్చున్నాను. ఉన్నట్టుండి నా లోపలి పిలుపు ఆగిపోయింది. ఆగస్టు నుంచి ఏదో ఒక మూల సన్నగా ఉంటూనే ఉందే అది. ఒక్కసారిగా ఏమీ లేదు. అంత నిశ్శబ్దం నేను ఈ చెవిటితనంలో కూడా ఎరగను. భయమేసింది. లేచి నిలబడ్డాను. కాళ్ళు వాటంతట అవే కాలువ వైపు నడిచాయి. ఎందుకని నన్ను అడగకు.

పట్టాల దగ్గర ఎవరూ లేరు, అందరూ పొలంలో ఉన్నారు. పట్టపగలు కొంగలన్నీ చెట్ల మీదే ఉన్నాయి, కదలకుండా. చివరి పట్టా కింద తీసిన పత్తి కుప్ప పోసి ఉంది. ఆ కుప్పలో గుంట చేసి, పైన పత్తి కప్పి, పిల్లను దాచి పెట్టింది తల్లి. మొహం ఒక్కటే కనపడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూడటం లేదు. తల ఎత్తబోతే మెడ కర్ర లాగా వచ్చింది. సిద్దీ, నాకు ఆ మెడ తెలుసు.

ఎత్తుకుని పరిగెత్తాను. అరిచానంట, ఊరంతా వినపడేలా అరిచానంట. నాకు తెలియదు. బుడే కొట్టు మూసి వ్యాను తెచ్చాడు. పేట దాటి, లారీల మధ్య నుంచి గుంటూరు ఎలా వచ్చామో! దారంతా తల్లి నా కాళ్ళు పట్టుకుని ఏదో చెప్తూనే ఉంది. పెదాలు చూసే ఓపిక లేక నేను పిల్లనే చూస్తూ కూర్చున్నాను.

డాక్టర్లు మంచివాళ్ళు. కానీ ఏం చెప్తున్నారో నాకు అర్థం కావడం లేదు. నువ్వు వాళ్ళతో మాట్లాడి, నిజం ఏమిటో నాకు కాగితం మీద రాయి. బతుకుతుందంటే బతుకుతుందని రాయి. లేదంటే లేదని రాయి.

పిన్ని


పూణె,
28 నవంబరు

పిన్నీ,

డాక్టర్లతో రోజూ మాట్లాడుతున్నానని బుడే ఫోన్‌కు పంపిన మెసేజులు నీకు చూపించాడనుకుంటాను. ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను: తేజశ్రీ బతుకుతుంది. మిషను తీసేశారు, తానే ఊపిరి తీసుకుంటోంది. కుడిచెయ్యి, మాట ఎంతవరకు తిరిగి వస్తాయో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఇంకో పూట ఆలస్యమైతే ఈ మాత్రం కూడా లేదన్నారు.

నా ఉత్తరం నీకు చెప్పాలనుకున్నది ఒకటి, ఊరికి చేరింది ఇంకోటి. ఇక నుంచి ఏ ఊరికైనా రక్తం కోసం వెళ్తే ముందు ఊరందరినీ కూర్చోబెట్టి, నా నోటితో చెప్పాకే సూది తీస్తాను. ప్రొఫెసరమ్మకు ఆ మాట రాసి ఇచ్చాను.

ఇప్పుడు నీ రక్తం సంగతి. ఇది ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది. కానీ నా నోట్లోంచి వస్తే నీకు చేరదు, పెదాల్లో సగమే అందుతుంది. ఇందులో ఒక్క మాట కూడా నీకు తప్పిపోకూడదు. అందుకే ప్రొఫెసరమ్మ అనుమతి తీసుకుని రాస్తున్నాను. బాబాయ్ పక్కన ఉన్నప్పుడు చదువు.

నీ రెండో గొట్టంలోనూ అవే కనపడ్డాయి. ఎవరి రక్తమూ కలవలేదు. నువ్వు చెప్పిందే నిజం.

మొదటిది: టీకా లేకుండానే నీ ఒళ్ళు ఆ జబ్బును అంత బాగా ఎలా ఎరుగును? ఈ వైరస్ తగిలిన వందల మందిలో ఒక్కరికే మెదడుకు ఎక్కుతుంది. మిగతావాళ్ళకు తెలియను కూడా తెలియదు. అప్పుడు మీరు ముగ్గురూ ఒకే వసారాలో పడుకునేవాళ్ళు. బహుశా పీరును కుట్టిన రోజుల్లోనే నిన్నూ కుట్టి ఉంటుంది. నువ్వు వాడి పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తున్నప్పుడు నీ ఒంట్లోనూ అదే యుద్ధం జరిగి ఉండవచ్చు. నువ్వు గెలిచావు. అందులో నీ తప్పు లేదు, వాడి తప్పూ లేదు. ఎందుకు ఒకరు గెలిచి ఒకరు ఓడతారో మాకు ఇంకా పూర్తిగా తెలియదు.

రెండోది: మగ కణాలు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు తల్లి రక్తమే బిడ్డకు పోతుందనుకుంటాం. బిడ్డ నుంచి కూడా కొన్ని కణాలు తల్లిలోకి వస్తాయి. కానుపయ్యాక చాలావరకు పోతాయి. కొందరు తల్లుల్లో మాత్రం కొన్ని ఉండిపోతాయి. ఎముకల్లోకి వెళ్ళి, మూలుగలో, పదుల ఏళ్ళు బతికి ఉంటాయి. మిగతా దేశాల్లోనూ ఇలా చూశారు. నీకు ఇంకో కానుపు లేదు. మరో మగబిడ్డ నీ కడుపున పడలేదు.

అవి పీరువి పిన్నీ. చచ్చినవి కావు.

వాడు ఉన్నాడని నేను అనడం లేదు. కణాలు పిలవవు, దాహమనవు. నీకు వినపడినదేమిటో నాకు తెలియదు. తెలుసని ఇదివరకు రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మా పని తర్వాతి మెట్టు మూలుగే. విరుగుడు చేసే కణాలు అక్కడ ఎలా నిలుస్తాయో చూడాలంటే, తుంటి ఎముకలోంచి కొద్దిగా తీయాలి. ఒప్పుకున్నవాళ్ళ కోసం చూస్తున్నాం. నిన్ను అడగను. అది చెప్పడానికే ఈ మాట రాశాను.

నీ
సిద్దికా


రేగడిపాలెం,
22 డిసెంబరు

చిరంజీవి సిద్దీకి,

నీ ఉత్తరం అందింది. ఇన్నాళ్ళు జవాబు రాయకపోతే కంగారు పడి ఉంటావు. రాయడానికి కూర్చుంటే చెయ్యి నా చెయ్యి లాగా అనిపించలేదు.

ముందు ఊరి సంగతి. బడి దగ్గర టీకాలు వేశారు. కూలోళ్ళ పిల్లలకు ముందు. ఎవరూ రాకపోతే బుడే బడి మెట్ల మీద నిలబడి, మీవాళ్ళు పంపిన తన రక్తపరీక్ష కాగితం అందరికీ చూపించి, "ఇదిగో నా ఒంట్లోకి వచ్చింది, చచ్చింది. నేను చావలా. సూది వల్ల చావలా. తీసుకురండి పిల్లల్ని" అని అరిచాడంట. అప్పుడు కదిలారు. పరుపు పడేసిపోయినవాళ్ళు మళ్ళీ వచ్చి తీసుకుపోయారు.

తేజశ్రీ వచ్చింది. వాళ్ళ పనయిపోయినా మా వసారాలోనే ఉంటున్నారు తల్లీపిల్లా, ఆసుపత్రికి తిప్పాలి గదా. కుడిచెయ్యి పిడికిలి పడటం లేదు. నీళ్ళను పాలంటుంది, పాలను పిల్లి అంటుంది. తల్లి చాటుకు పోయి ఏడుస్తుంది. మీ బాబాయ్ దూది ఉండలు చేసి ఆ చేతిలో పెట్టి నొక్కిస్తున్నాడు. నిన్న ఒక ఉండ నిలిచింది.

ఇక నాది. నువ్వు చెప్పినట్టు మీ బాబాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకునే చదివాను. మొదటి సంగతి చదివి నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఒకే దోమలు, ఒకే వసారా. నేను గెలిచానంట. ఏం చేసుకోను ఆ గెలుపు? నాలుగు రోజులు అన్నం సయించలేదు. రెండో సంగతి మీ బాబాయ్‌కు చూపించాను. ఆయన మళ్ళీ మళ్ళీ చదివాడు. తర్వాత నా మొహం వైపు తిరిగి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా అడిగాడు: "నా ఒంట్లో లేడా?"

తండ్రుల్లోకి రారని నువ్వు రాయలేదు. కానీ దారి ఏదీ లేదు గదా. తల అడ్డంగా ఊపాను. ఆయన నా కాలు దగ్గరికి జరిగి, పిక్క ముందరి ఎముక మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. పొద్దుగూకి దీపం పెట్టే వేళ దాకా తియ్యలేదు. నేను కదలలేదు. ఇప్పుడు రోజూ అలాగే కూర్చుంటాడు. ఎవరైనా వస్తే కాళ్ళు పడుతున్నానంటాడు.

పిలుపు మళ్ళీ రాలేదు. నేను అడుగుతూనే ఉన్నాను.

అడగనన్నావు గానీ, నేను వస్తున్నాను. మూలుగ తీసుకో. బుడే గుంటూరులో రైలెక్కిస్తాడు, మీ బాబాయ్ తోడు వస్తాడు. చాలా ఆలోచించే చెప్తున్నాను. ఒకసారి మట్టికి ఇచ్చాను వాణ్ణి, మళ్ళీ ఇంకొకరి చేతికి ఎందుకివ్వాలి అనుకున్నాను. తర్వాత తేజశ్రీ చేతిలో దూది ఉండ నిలబడటం చూశాను. తీసుకో.

ఒక్క షరతు. సూది వేసేటప్పుడు గదిలో నువ్వు ఉండాలి. డాక్టరు ఎముకలోకి దించే ముందు, నా నడుము దగ్గరికి వంగి, "పీరూ, భయపడకు, నేను సిద్దీని" అని పైకి చెప్పాలి. అందరూ నవ్వినా సరే చెప్పాలి.

నాకు వినపడదు. వాడికి వినపడుతుంది.

పిన్ని
ఖాదర్‌బీ